నాపరాతి బల్ల

మొన్న సాయంత్రం మా మనవరాలు బడి నుంచి ఒక బ్యాటు, ఒక తెల్ల బంతి తెచ్చుకుంది. వాళ్ల బడిలో ఈ ఏడు టేబుల్ టెన్నిస్ నేర్పుతున్నారట. నేను చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. ఆ పిల్ల వచ్చి, "అవ్వా, దీన్ని ఎట్లా పట్టుకోవాలో నీకు తెలుసా?" అని బ్యాటు నా చేతిలో పెట్టింది. తెలియదంటే నేర్పి మురిసిపోదామని దాని ఆశ. నేను పట్టుకున్నాను. చూపుడువేలు రబ్బరు అడుగంచు వెంబడి చాచి, బొటనవేలు ఇవతలి వైపు ఆనించి, మిగిలిన మూడు వేళ్లు పిడి చుట్టూ వదులుగా. పిల్ల నోరు తెరిచింది. వంటింట్లోంచి మా కోడలు తొంగి చూసి, "మీరు ఆడేవాళ్లా అత్తమ్మా!" అని నవ్వింది. ముసలివాళ్లం ముసలివాళ్లంగానే పుట్టామని వీళ్ల నమ్మకం.

"ఎవరు నేర్పినారవ్వా?"

"మా చిన్నాయన."

"బాగా ఆడేదానివా?"

"బాగానే ఆడేదాన్ని."

"మరి ఎందుకు మానేసినావు?"

చిక్కుడుకాయలు ముదిరిపోయాయని మీ అమ్మకు చెప్పు పో, అని పిల్లను పంపించేశాను. జవాబు ఇక్కడ రాస్తున్నాను. నన్ను ఓడించింది ఎదురుగా నిలబడ్డ పిల్ల కాదు. నాకు ఆట నేర్పిన మనిషే. ఈ మాట ఇన్నేళ్లుగా ఎవరితోనూ అనలేదు. మా ఇళ్లలో బతికి ఉన్న పెద్దవాళ్లను ఒక మాట అనకూడదు. పోయినవాళ్లను అసలే అనకూడదు. మరి ఎప్పుడనాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి, నా ఇష్టం వచ్చినప్పుడు అంటున్నాను.

మాది మైదుకూరు నుంచి బద్వేలు పోయే దారికి కాస్త లోపలగా ఉండే ఊరు. పసుపు, శెనక్కాయ, జొన్న పండేవి. చలికాలం చివర్లో ఊరంతా పసుపు ఉడికే వాసన. పెద్ద పెద్ద బానల్లో కొమ్ములు ఉడుకుతుంటే ఆ ఆవిరి జుట్టుకు, బట్టలకు, చివరికి తాగే మజ్జిగకు కూడా పట్టేది. ఆ రోజుల్లో మా ఊరి వాళ్లు ఏ ఊరికి పోయినా, పసుపోళ్లు వచ్చినారని వాసన చూసి చెప్పేవాళ్లు. మా నాయన పెద్దకొడుకు. సేద్యమంతా ఆయన చేతి మీద నడిచేది. ఆయనంటే ఊరికి భయం, నాకు మాత్రం లేదు. ఎందుకంటే నేనంటే ఆయనకు ప్రాణం. ఏది అడిగినా కాదనడం ఆయనకు చేతకాదు. కాదనవలసి వస్తే తల పక్కకు తిప్పుకుని తుండుగుడ్డ దులిపేవాడు.

ఆయన తమ్ముడే మా చిన్నాయన. మద్రాసుకు పోయి కాలేజీలో చదివి, బి.ఏ. తప్పి ఇంటికి వచ్చాడు. వచ్చేటప్పుడు ఆయన పెట్టెలో పుస్తకాలు తక్కువ, ఆటసామాన్లు ఎక్కువ. పింగ్ పాంగ్ ఆటలో గెలిచిన చిన్న వెండిరంగు కప్పు ఒకటి, బుడిపెల రబ్బరు అంటించిన బ్యాట్లు రెండు, డబ్బాల కొద్దీ బంతులు, పేగు తీగెలు అల్లిన బ్యాడ్మింటన్ రాకెట్లు, ఈకల బంతులు. మా జేజి, అంటే మా నాయన అమ్మ, ఆ పెట్టె ముందు చతికిలబడి ఒక్కొక్కటే తీసి చూసింది.

"ఇదేందిరా, కోడి ఈకలు? మద్రాసులో కోళ్లు పీకే పని నేర్చుకుంటివా?"

"ఆటమ్మా అది."

"ఆటనా! మీ అన్న ఈడ ఎండలో మాడతాండాడు. నువ్వు ఆడికి పోయి ఈకలు ఎగరేసి వచ్చినావా?"

చిన్నాయన నవ్వేవాడు. ఆయన నవ్వితే ఎవరైనా సరే కోపం మరిచిపోవలసిందే. ఆ నవ్వు గురించి ముందే చెప్పడం మంచిది, తర్వాత చెప్పబుద్ధి కాదు.

ఆడడానికి ఆయనకు జోడీ కావాలి. ఊళ్లో ఆయన ఈడు మగవాళ్లు బండి కట్టేవాళ్లు, మడక దున్నేవాళ్లు. ఈకల బంతి కొట్టడానికి ఎవరికి తీరిక! మా తమ్ముడు మరీ చిన్నవాడు. మిగిలింది నేను. అట్లా నా చేతికి రాకెట్టు వచ్చింది. కొట్టం ముందున్న ఖాళీ స్థలంలో రెండు గుంజలు పాతి, మా జేజినాయన పాత తలగుడ్డ ఒకటి అడ్డంగా కట్టి, అదే నెట్టు అన్నాడు.

"రాకెట్టును కత్తి పట్టుకున్నట్టు పట్టుకోవద్దు పాపా. ఎవరికన్నా చెయ్యి ఇస్తావు చూడు, అట్ల పట్టుకో. బలం భుజంలో వద్దు, మణికట్టులో ఉండాల" అని మొదటి పాఠం. ఈకల బంతిని నడుము కంటే కిందనుంచే లేపి కొట్టి ఆట మొదలుపెట్టాలి. నేల తాకనియ్యకూడదు. తాకితే పోయినట్టే. నాకు రెండు వారాల్లో చెయ్యి కుదిరింది. కానీ మా సీమ గాలికి ఆ ఆట కుదరలేదు. ఆషాఢం వచ్చేసరికి గాలి ఎట్లా లేచేదంటే, నేను ఇటు కొడితే బంతి అటు మా పెద్దగోడ దాటి పక్కింటి శెనక్కాయ కుప్పలో పడేది. పక్కింటామె దాన్ని ఏ పక్షి పిల్లో అనుకుని, పాపం, గూట్లో పెట్టి నీళ్లు పోసింది. తెల్లవారకముందు, గాలి లేవకముందే ఆడదామని కొన్నాళ్లు చూశాం. ఆ వేళకు పాలు పిండేవాళ్లకు అడ్డం. గేదె బెదిరి కుండ తన్నింది. ఆ కుండ కథ మా జేజి చచ్చేదాకా చెప్పింది.

అప్పుడు చిన్నాయన కళ్లు నాపబండల మీద పడ్డాయి. ఆ ఏడు మా మిద్దెకు కొత్తగా నేల పరిపించాం. మా జిల్లాలో నేల తవ్వితే నీళ్లు పడతాయో లేదో గానీ నాపరాయి పడుతుంది. పరచగా రెండు పెద్ద బండలు మిగిలి గోడకు ఆనించి ఉన్నాయి. కంతలు లేకుండా నున్నగా, నల్లగా, ఎండలో నీలంగా మెరిసేవి. వాటిని నలుగురు మనుషులతో మోయించి, వేపచెట్టు కింద రాతి దిమ్మెల మీద పక్కపక్కన పరిపించాడు. రెండు బండలూ కలిసిన గీత మీదికి సరిగ్గా నెట్టు వచ్చింది. అంచుల వెంట సున్నంతో గీత గీశాడు. అయింది మా టేబుల్.

"ఈ ఆట వేరే పాపా. ఈకల బంతి నేలను తాకితే చచ్చిపోతాది. ఈ బంతి బల్లను తాకితేనే బతికినట్టు. ఆట మొదలుపెట్టే బంతి ముందు నీ పక్క ఒకసారి పడాల, నెట్టు దాటి ఆ పక్క ఒకసారి పడాల. అరచెయ్యి చాపి, అందులో బంతి పెట్టి పైకి వదులు. పిడికిట్లో దాచిపెట్టి మోసం చెయ్యగూడదు." మోసం చెయ్యగూడదని ఆయనే చెప్పాడు. నేను కల్పించిన మాట కాదు.

రాతి మీద ఆ బంతి చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. టక్కు టక్కుమని గట్టిగా, తెగినట్టు వినిపించేది. పొద్దున బండ చల్లగా ఉండేది. ఎండెక్కితే చెయ్యి పెట్టలేం. సాయంత్రం రెండు చెంబుల నీళ్లు చల్లితే బుస్సుమని ఆవిరై, తడిసిన రాతి వాసన వేపపూల వాసనతో కలిసి లేచేది. ఆ వాసన వస్తే నాకు కాళ్లు నిలిచేవి కావు. అయితే ఆ బల్ల మీద హక్కు మా ఒక్కరిదే కాదు. మా జేజికి అంత నున్నటి బండ కనిపించాక ఊరుకుంటుందా? మిరపకాయలు ఎండబోసేది, వడియాలు పెట్టేది, పసుపుకొమ్ములు ఆరబోసేది. మేం ఊడ్చి ఆడేవాళ్లం. బంతి పచ్చగా అయిపోయేది. మిరప దుమ్ము లేచి తుమ్ములు వచ్చేవి. మా తమ్ముడు ఓడిపోయేటట్టు ఉంటే చాలు, కళ్లలో కారం పడిందని ఏడ్చి ఆట ఎత్తేసేవాడు.

బంతికి సొట్ట పడితే పారెయ్యకూడదు. ఉడుకునీళ్లలో వేస్తే సొట్ట తనంతట తానే పైకి వస్తుంది. ఇది కూడా చిన్నాయన నేర్పిన విద్యే. ఒకరోజు నేను సంగటికి పెట్టిన ఎసట్లో బంతి వేసి, మాటల్లో పడి మరిచిపోయాను. జేజి మూత తీసింది.

"ఏమ్మే, గుడ్డు ఉడకబెట్టమని నీకెవరు చెప్పినారు? ఈపొద్దు శనివారం గదే!"

గరిటెతో తీసి నేలకేసి కొట్టింది. అది పెంకు పగలకుండా ఎగిరి మజ్జిగ కుండ మీద దూకింది. జేజి కెవ్వుమని కేకేసింది. చిన్నాయన, నేను, మా అమ్మ కొట్టంలోకి పరిగెత్తి కడుపు పట్టుకుని నవ్వాం. మా అమ్మ నోరు తెరిచి నవ్వడం నేను అంత బాగా చూసింది ఆ ఒక్కసారే అనుకుంటాను.

ఏడాది తిరిగేసరికి నేను చిన్నాయనను అప్పుడప్పుడు ఓడించడం మొదలుపెట్టాను. ఓడినప్పుడు ఆయన బ్యాటు బండ మీద పెట్టి, "నీ చెయ్యి నాది కాదు పాపా, దేవుడిది" అనేవాడు. ఆయన నాకు చెప్పినదాంట్లో ముఖ్యమైన పాఠం ఒకటే. "తొందరపడొద్దు. బంతి పడి లేస్తాది. లేచినాక రవ్వంతసేపు నీ కండ్లెదుట నిలబడతాది. అది నిలబడిందాకా ఆగు. అప్పుడు కొట్టు." నేను ఆగడం నేర్చుకున్నాను. ఒక అడుగు వెనక్కి వేసి, బంతి నా రొమ్ము ఎత్తుకు లేచేదాకా ఆగి కొట్టేదాన్ని. అట్లా కొట్టిన బంతిని ఆయన కూడా అందుకోలేకపోయేవాడు. ఈ పాఠం ఆయన నాకు ముందు చెప్పాడా, ఆ పందెం కుదిరిన తర్వాత చెప్పాడా అని తర్వాతి కాలంలో ఎన్నిసార్లు గుర్తు తెచ్చుకోబోయానో! ముందేనని అనిపిస్తుంది. ముందే కావాలని కోరుకుంటాను.

పందెం సంగతి ఇది. మైదుకూరులో నేను థర్డ్ ఫారం, ఇప్పటి లెక్కన ఎనిమిదో తరగతి, ముగించాను. ఫోర్తు ఫారం చదవాలంటే కడప పోయి ఆడపిల్లల బడిలో చేరి హాస్టల్లో ఉండాలి. నాకు చదువు మీద పిచ్చి. లెక్కలంటే మరీ. బద్వేలు వైపు నుంచి అప్పటికే ఒక సంబంధం వచ్చి ఉంది. జేజి దానికి తల ఊపేసింది. నేను మాత్రం పొద్దున లేచినప్పటి నుంచి నాయన వెంటబడ్డాను. ఆయన తుండుగుడ్డ దులుపుతూనే ఉన్నాడు. ఔననలేదు, కాదనలేదు. అట్లా నెల గడిచింది. నేను అన్నం మానేశాను. నా కంటే ముందు నాయన మానేశాడు.

ఒక సాయంత్రం వేపచెట్టు కింద నాయన వక్కాకు వేసుకుంటున్నాడు. చిన్నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. నన్ను కూడా పిలిచాడు.

"అన్నా, కడప ఆడపిల్లల బడిలో వచ్చే నెల ఆటల పోటీలు పెడతాండారంట. బయట బడుల పిల్లలు గూడా రావచ్చునంట. ఆడ ఆటలు నేర్పే టీచరమ్మతో మాట్లాడి వచ్చినా. మన పాప టేబుల్ టెన్నిస్‌లో గెలిస్తే హాస్టల్లో చోటు ఇస్తామంటాండాది."

నాయన తుండుగుడ్డ దులిపాడు.

"గెలిస్తే పంపిద్దాం. ఓడిపోతే సదువు మాట పాప ఇంగ ఎత్తదు. అందరికీ నిమ్మళం. ఏం పాపా, సరేనా?"

నేను ఎగిరి గంతేశాను. నాయన చిన్నాయన ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు చెయ్యి చాచాడు. "మాట తప్పగూడదు. నేను తప్పను, నువ్వూ తప్పగూడదు" అన్నాడు. ఆ చేతిలో చెయ్యి వేశాను. మా వైపు చేతిలో చెయ్యి వేసిన మాటంటే కాగితం రాసుకున్నదాని కంటే గట్టిది. ఆ సాయంత్రం చిన్నాయన నాకు దేవుడిలాగా కనిపించాడు. నా తరఫున వకీలుగా వచ్చి, కేసు గెలిచిపెట్టాడనుకున్నాను.

ఆ నెలంతా ఆడాం. పొద్దున, సాయంత్రం. జేజి మిరపకాయలు పెట్టుకోవడానికి బండ దొరక్క తిట్టిపోసింది. అయితే మా అమ్మ ఒకరోజు అటక మీద నుంచి జాడీ దించి, నిమ్మకాయ ఊరగాయ పెట్టడం చూశాను. కాలం కాని కాలంలో ఊరగాయ ఎందుకే అని జేజి అడిగితే, "యాడికన్నా పంపాల్సొస్తే ఉంటాదని" అంది. నా వైపు చూడకుండానే అంది. నేను గెలుస్తానని అమ్మ కూడా నమ్ముతోందని అప్పుడు తెలిసింది.

పోటీ రోజున తెల్లవారుజామున మొదటి బస్సుకు బయలుదేరాం. కొత్త పరికిణీ, ఓణీ. తలనిండా కనకాంబరాలు. కడపలో దిగేసరికి ఇంకా ఎండ ఎక్కలేదు. ఆట మధ్యాహ్నానికి అని చిన్నాయన చెప్పాడు. "ఇంకా శానా పొద్దుండాది పాపా, ఊరు చూపిస్తా రా" అన్నాడు. హోటల్లో నెయ్యి కారేట్టు కాల్చిన దోసె, దాని మీద ఎర్రకారం, పక్కన శెనగపప్పు చట్నీ. ఇంకొకటి తిను, ఇంకొకటి తిను అని పెట్టించాడు. దేవుని కడప గుడికి తీసుకుపోయాడు. గాజుల బజారులో గాజులు వేయించాడు. చెరకురసం తాగించాడు. నేను మధ్యమధ్యలో, "చిన్నాయనా, బడికి పోదామా?" అంటే, "పోదాంలే. అంత బిన్నా, ఆటకు ముందే పోయి ఆడ ఏం చేస్తావు?" అని నవ్వేవాడు. నా చిన్నతనంలో అంత సంతోషంగా గడిచిన పొద్దు ఇంకోటి లేదు. అది గుర్తొస్తే ఇప్పుడు కూడా ఒళ్లు మండుతుంది. తడిగుడ్డతో గొంతు కొయ్యడమంటే ఏమిటో నాకు ఆ ఎర్రకారం దోసెతో తెలిసింది.

మేం పోయేసరికి పేర్లు పిలుస్తున్నారు. ఆ ఆటకు పేరిచ్చిన ఆడపిల్లలం ఇద్దరమే. ఎదురుపిల్ల ఆ బడిలోనే చదివే కడప పిల్ల, నా ఈడుదే, రెండు జడలు. హాలు మధ్యలో ఆకుపచ్చ రంగు వేసిన చెక్క టేబుల్. నేను చెక్క టేబుల్ చూడడం అదే మొదలు. అంచు మీద చెయ్యి పెట్టాను. రాతిలాగా చల్లగా లేదు. కొత్త వార్నిషు వాసన. అంతకు మించి నాకేమీ తోచలేదు. టేబులంటే టేబులే అనుకున్నాను.

ఇద్దరికీ నాలుగు బంతులు కూడా చెయ్యి చూసుకోవడానికి ఇవ్వలేదు, ఆలస్యమైందని మొదలుపెట్టేశారు. ఆ పిల్ల వేసిన మొదటి బంతి నా వైపు వచ్చి పడింది. నేను నేర్చుకున్నట్టే అడుగు వెనక్కి వేసి, అది లేచేదాకా ఆగాను. అది లేవలేదు. నా నడుము దాకా వచ్చి కిందికి దిగిపోయింది. నా బ్యాటు గాలిని కొట్టింది. చుట్టూ పిల్లలు కిసుక్కుమన్నారు. రెండోదీ అంతే. మూడోదాన్ని అందుకున్నాను గానీ నెట్టుకు తగిలింది. చప్పుడు కూడా వేరు. టక్కు లేదు, డొక్కు డొక్కుమని మందంగా ఉంది. నాకేదో జబ్బు చేసిందనుకున్నాను. కళ్లు సరిగా కనిపించడం లేదనుకున్నాను. చిన్నాయన కోసం చూశాను. ఆయన గోడ మీద తగిలించిన పాత ఫోటోలు చూస్తూ నిలబడ్డాడు. మొదటి ఆట చిత్తుగా పోయింది.

రెండో ఆట మధ్యలో నాకు అర్థమైంది. జబ్బు నాది కాదు. ఈ చెక్క మీద బంతికి రాతి మీద ఉన్నంత ఎగురు లేదు. అంతే. వెనక్కి వెయ్యడం మాని ముందుకు వంగాను. లేచేదాకా ఆగడం మాని, పడీ పడకముందే తాకించాను. బంతి మళ్లీ నా మాట వినడం మొదలుపెట్టింది. ఆ ఆట నేను గెలిచాను. నవ్విన పిల్లలే చప్పట్లు కొట్టారు. మూడో ఆటలో చివరిదాకా సమానంగా వచ్చాం. ఇరవై ఒకటికి ఇంకా కొంచెమే ఉంది. అక్కడ నాకు భయం పట్టింది. భయం పట్టినప్పుడు చెయ్యి తనకు బాగా తెలిసిన పనే చేస్తుంది. నా కాలు దానంతటది వెనక్కి పోయింది. బంతి లేస్తుందని ఆగాను. రెండుసార్లు ఆగాను. రెండు పాయింట్లతో ఓడిపోయాను.

ఆటలు నేర్పే టీచరమ్మ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. మంచి మనిషి. బాధపడుతూనే మాట్లాడింది.

"ఇంత బాగా ఆడతావే! పొద్దున్నే వచ్చి కాసేపు ఈ టేబుల్ మీద ఆడుకొని ఉంటే నిన్ను ఎవరూ పట్టుకోలేకపోయిందురు. మీ చిన్నాయనకు మరీ మరీ చెప్పింటినే తల్లీ. రాతి మీద అలవాటైన చెయ్యి, చెక్క మీద తడబడతాది, పొద్దున్నే పిలుచుకొని రాప్పా, హాలు తెరిపించి పెడతా అని. బస్సు దొరకలేదా?"

నేను చిన్నాయన వైపు తిరిగాను. ఆయన చెప్పులు వెతుక్కుంటున్నాడు. చెప్పులు ఆయన కాళ్లకే ఉన్నాయి.

ఏడవలేదు. ఏడుపు రాలేదు. ఆ కొత్త గాజులు, చెరకురసం, గుడి, "ఇంకా శానా పొద్దుండాది పాపా" అన్న ఆ నవ్వు, ఒకటొకటే తిరిగి వచ్చి వాటి అసలు ముఖాలు చూపించాయి. కాలేజీలో కప్పు గెలిచిన మనిషికి చెక్క సంగతి తెలియదా? తెలుసు. టీచరమ్మ చెప్పకపోయినా తెలుసు. బస్టాండులో ఆయన బొరుగులు, మిరపకాయ బజ్జీలు కట్టించుకొచ్చాడు. "తిను పాపా. ఆటన్నాక ఒకరు గెలుస్తారు, ఒకరు ఓడతారు" అన్నాడు. నేను తిన్నాను. ఆ వయసు ఆకలికి రోషం తెలియదు. మైదుకూరు దాకా కిటికీలోంచి రాళ్లగుట్టలు చూస్తూ కూర్చున్నాను.

ఇంట్లో నాయన అరుగు మీద కాచుకుని ఉన్నాడు. "ఏమైంది?" అన్నాడు.

"రవ్వంతలో పోయింది అన్నా" అన్నాడు చిన్నాయన.

నాయన నా తల మీద చెయ్యి పెట్టాడు. టేబుల్ చెక్కది, నాకు చెప్పలేదు, మళ్లీ ఆడనియ్యండి, అని నేను అరిచి ఉండవచ్చు. చేతిలో చెయ్యి వేసిన మాట అడ్డం వచ్చింది. చిన్నాయన ఆ మాటను నా చేతే ఇప్పించాడు కదా, సంకెలకు తాళం కూడా నన్నే వేసుకోమన్నాడు. జేజి, "ఓడిపోతే పాయలే, పెండ్లిలో గెలుద్దువు లే" అని దిష్టి తీసింది. మరునాడు అన్నంలోకి మా అమ్మ ఆ నిమ్మకాయ ఊరగాయ వడ్డించింది. ముక్కలింకా ఊరనే లేదు, చేదుగా ఉన్నాయి. అయినా అందరం తిన్నాం.

మరుసటి ఏడు బద్వేలు సంబంధమే కుదిరింది. నాయన మాట తప్పలేదు, నేనూ తప్పలేదు. మా ఆయన మంచివాడే. నాకు ఆయన మీద చెప్పుకోవలసిన ఫిర్యాదేమీ లేదు. పెళ్లిలో అందరికంటే ఎక్కువ తిరిగి, పందిరి దగ్గర నుంచి పాయసం దాకా చూసుకున్నది చిన్నాయనే. అప్పగింతలప్పుడు అందరికంటే ఎక్కువ ఏడ్చిందీ ఆయనే. నా బిడ్డలకు లెక్కలు నేనే చెప్పుకున్నాను. ఫోర్తు ఫారం పుస్తకాలు వాళ్ల కంటే ముందు నేనే చదివేసేదాన్ని. ఇల్లు మారాక ఆ రెండు బండల్నీ కొట్టంలో పరిచారని, వాటి మీద పశువులు కట్టేస్తున్నారని విన్నాను. చూడడానికి పోలేదు. పండగకో పబ్బానికో పుట్టింటికి పోతే చిన్నాయన ఎప్పటిలాగే, "ఏం పాపా, ఆడదామా?" అనేవాడు. నేను వినపడనట్టు లోపలికి పోయేదాన్ని. ఎందుకు చేశావని అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతాడేమోనని భయం. అబద్ధం చెబితే ఆయన మీద మిగిలి ఉన్న ఆ కాస్త ప్రేమ కూడా పోతుందని భయం.

చాలా ఏళ్లకు, ఆయన మంచాన పడ్డాడని కబురొస్తే పోయాను. నాయన, జేజి, అమ్మ ఎవరూ లేరు అప్పటికి. కళ్లకు పొర కమ్మి ఆయనకు మనిషి ఆకారం తప్ప ఏమీ కనిపించడం లేదు. నా గొంతు విని, "పాపా" అని చెయ్యి చాచాడు. చిక్కిపోయిన చెయ్యి. ఒకప్పుడు నా మణికట్టు పట్టుకుని తిప్పి చూపించిన చెయ్యే. పక్కన కూర్చుని పట్టుకున్నాను. ఇంట్లోవాళ్లు బయటికి పోయాక అడిగేశాను.

"చిన్నాయనా, కడప టేబుల్ మీద బంతి లేవదని నాకు యాల చెప్పలేదు నువ్వు?"

ఏ టేబుల్ అని ఆయన అడగలేదు. అన్నేళ్లూ ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు వెంటనే మాట్లాడాడు.

"మీ నాయనకు నిన్ను పంపడం ఇష్టం లేదు పాపా. లేదని నీ మొగం మీద చెప్పలేడు. తిండి గూడా మానుకున్నాడు. నువ్వే ఏదో ఒకటి చెయ్యరా అని నాకు చెప్పినాడు. నాకూ నీతో చెప్పే నోరు రాలా. ఆయన ఇంట్లో ఆయన సంపాదన తింటాంటి. ఆట మీద పెడితే ఆటే చెప్తాది, మనమెవరం చెప్పాల్సిన పని లేదనుకొంటి."

"ఆట మీద పెడితివి, సరే. ఓడేది ఓడిపోయిందును. ఒక్క మాట చెప్పింటే ఏం పోయుండేది నీకు?"

ఆయన ఆ పొర కమ్మిన కళ్లు నా గొంతు వైపు తిప్పాడు. ఇంత తెలివిగల పిల్ల ఇంత తెలియని ప్రశ్న ఎట్లా అడిగిందా అని ఆశ్చర్యపోయినట్టు ఉంది ఆ ముఖం.

"చెప్పింటే గెలిచేదానివి గదమ్మా" అన్నాడు.

ఆయన పోయినప్పుడు అందరితో పాటు నేనూ ఏడ్చాను. కొంత ఆయన కోసం. ఎక్కువ, కడప హాస్టల్లో ఊరగాయ జాడీ పక్కన పెట్టుకుని లెక్కలు చేసుకోవలసిన ఆ పిల్ల కోసం. ఆ పిల్లను ఎవరూ నమ్మలేదని, ఆడపిల్ల ఆట ఏం ఆటలే అని అందరూ తేలిగ్గా తీసుకున్నారని నేను సగం జీవితం ఉడికిపోయాను. అది నిజం కాదు. నాయన నమ్మలేదేమో, జేజి నమ్మలేదు, అమ్మ పాపం ఒక జాడీ ఊరగాయంత నమ్మింది. పూర్తిగా, రవ్వంత అనుమానం లేకుండా నన్ను నమ్మిన మనిషి ఈ భూమ్మీద చిన్నాయన ఒక్కడే. నేను గెలవలేనని అనుకుని ఉంటే ఆయన నాకు చెప్పేవాడు.